పద్నాలుగో వరుస

లెక్కల మాస్టారి భార్య పోయిన రోజు బడికి సెలవివ్వలేదు. అర్ధసంవత్సర పరీక్షలు నడుస్తున్నాయి. ఆ రోజుది లెక్కల పేపరు. సెలవు ప్రకటించమంటారా అని హెడ్మాస్టారు ఫోన్ చేసి అడిగితే, వద్దండీ, పిల్లలు చదువుకుని వచ్చుంటారు, రేపటికి సగం మరిచిపోతారు అని మాస్టారే చెప్పారు. ఆ పేపర్లు ఆయనే దిద్దారు. మామూలుగా మూడో రోజు ఇచ్చేవారు, ఈసారి పదో రోజు ఇచ్చారు. అంతకు మించి ఎవరికీ ఏ తేడా కనపడకుండా చూసుకున్నారు.

తేడా ఆయన కాళ్ళలో బయటపడింది. ఇరవై ఏడేళ్ళుగా కుర్చీలో కూర్చుని, లెక్క వేసి చూపించాల్సి వస్తేనే బోర్డు దగ్గరికి లేచే మనిషి, ఇప్పుడు పీరియడ్ మొత్తం బెంచీల మధ్య తిరుగుతున్నారు. కిటికీ దాకా వెళ్ళి, బయట చూడ్డానికేమీ లేనట్టు వెనక్కి వస్తారు. తలుపు దాకా వెళ్ళి గడియ ముట్టుకుని వస్తారు. ఇంట్లోనూ అంతే. అత్తగారు ఆయనతోనే ఉంటున్నారు. కూతురు మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికి వచ్చి, తర్వాత ఆవిడ వెళ్తాననలేదు, ఈయన వెళ్ళమనలేదు. కాస్త ఒకచోట కూర్చోండి బాబూ, మీరు తిరుగుతుంటే ఇల్లే తిరుగుతున్నట్టుంది అని ఆవిడ రోజుకొకసారి అంటారు. ఆయన కూర్చుంటారు. టీ గ్లాసు చల్లారకముందే లేస్తారు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఆయన కూర్చున్న కుర్చీ వెచ్చబడింది లేదు.

మాస్టారి భార్య అదే బడిలో భూగోళం చెప్పేది. ఏ తరగతికి వెళ్ళినా చంకలో గ్లోబు ఉండేది కాబట్టి పిల్లలు గ్లోబు మేడమ్ అనేవాళ్ళు. ఆ పేరు ఆమెకి తెలుసు, ఇష్టం కూడా. చివరి రెండేళ్ళలో ఆమె చేసిన పెద్ద పని ఒక చిన్న పుస్తకం. పాఠ్యపుస్తకాల కార్యాలయం వాళ్ళు తల్లిదండ్రుల కోసమని రాయించారు. పేరు 'దేశదేశాల బడులు: అపోహలు, నిజాలు'. నలభై ఎనిమిది పేజీలు, ఇరవై ఆరు దేశాలు. దేశానికొక నంబరు, నంబరుకొక అపోహ, దాని కింద నిజం.

అలాంటి పుస్తకం అవసరమని మొదట అన్నది ఆమే. తల్లిదండ్రుల మీటింగు పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, ఫలానా దేశంలో పరీక్షలే లేవట అంటారు. వెంటనే ఇంకొకరు, ఫలానా దేశంలో పిల్లల్ని చీకటిపడేదాకా బడిలోనే ఉంచుతారట, అందుకే వాళ్ళంత పైకొచ్చారట అంటారు. ఒకరి 'అట'కి ఇంకొకరి 'అట' జవాబు. రెంటి మధ్య నలిగేది మాత్రం ఇక్కడి పిల్లలు. ఒక నెల ట్యూషను మానిపిస్తారు, ఇంకో నెల రెండు ట్యూషన్లు పెట్టిస్తారు. పక్కింటి మాట విని పొయ్యి మార్చుకున్నట్టుంది వీళ్ళ పని అనేది ఆమె. అందుకని నిజాలు వెతికింది. మూడో నంబరులో, బడి గంటలు అందరికంటే ఎక్కువున్న దేశమూ అందరికంటే తక్కువున్న దేశమూ మార్కుల్లో పక్కపక్కనే ఉన్నాయని రాసింది. తొమ్మిదో నంబరులో, పరీక్షల్లేవని చెప్పుకునే దేశంలో పన్నెండేళ్ళ దాకా నిజంగానే లేవు గానీ ఆ తర్వాత ఒకటుందనీ, ఆ ఒక్కదాని కోసం పదో ఏటి నుంచే పిల్లలు నిద్ర మానుకుంటారనీ రాసింది. ఎవరినీ వెక్కిరించలేదు. ప్రతి దేశానికీ ఒక చిన్న బొమ్మ తానే గీసింది. పిల్లలకి దేశాల పేర్లు నోరు తిరగక, ఆ బొమ్మల పేర్లే పెట్టేశారు: పడవ దేశం, కొండ దేశం, గంట దేశం.

అన్నిటిలోకీ పేరొచ్చింది పద్నాలుగో నంబరుకి. ఇంటిపని ఇవ్వకపోతే పిల్లలు చెడిపోతారన్నది అపోహ. పడవ దేశంలో ఎనిమిదో తరగతి దాకా ఇంటిపని అన్నదే లేదు, లెక్కల్లో మాత్రం వాళ్ళదే మొదటి స్థానం అన్నది నిజం. ఇది తల్లిదండ్రుల దాకా పోయిందో లేదో తెలియదు, పిల్లలకి మాత్రం వారం తిరక్కుండా కంఠతా వచ్చేసింది. ఏ మాస్టారు ఇంటిపని ఇచ్చినా వెనక బెంచీ నుంచి ఒకే మాట: "సార్, పద్నాలుగో నంబరు." పక్క తరగతిలో ఆమెకి ఆ మాట వినపడి, పాఠం ఆపి నవ్వుకునేది. మాస్టారు ప్రతిసారీ ఒకటే జవాబిచ్చేవారు: పడవ ఎక్కి వెళ్ళండి, పొద్దున్నే ఉంది.

ఏడో తరగతిలో ఆ సోమవారం కూడా అదే జరిగింది. మాస్టారు భిన్నాల మీద పది లెక్కలు ఇచ్చారు. వెనక నుంచి పద్నాలుగో నంబరు వినపడింది. ఆమె పోయాక పిల్లలు కొన్నాళ్ళు ఆ మాట మానేశారు; మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మాస్టారే లోలోపల స్థిమితపడ్డారు. పడవ ఎక్కి వెళ్ళండి అన్నారు. అందరూ నవ్వారు. కిటికీ పక్కన కూర్చునే కొత్త పిల్ల మాత్రం చెయ్యెత్తింది.

ఆ పిల్ల తండ్రి ఓడల్లో మెకానిక్. నాలుగేళ్ళు పడవ దేశంలోనే ఉండి, నెల కిందట ఇక్కడికి బదిలీ అయ్యాడు. పిల్ల మాట మెల్లగా ఉంటుంది, అడిగితే తప్ప రాదు.

"అక్కడా ఇస్తారు సార్," అంది. "రోజూ ఇస్తారు."

తరగతి ఒక్కసారిగా గొల్లుమంది. గ్లోబు మేడమ్ కంటే నీకెక్కువ తెలుసా అని ఒకరు, కోతల పడవ అని ఇంకొకరు. ఆ పేరు అక్కడికక్కడే అంటుకుంది. మాస్టారు డస్టరుతో బల్ల మీద కొట్టి నిశ్శబ్దం చేశారు. ఆ తర్వాత ఆయన అన్న మాట ఆయనకే చాలా రోజులు గుచ్చుకుంది. "నువ్వు చదివిన బడి ఒక్కటీ అలాంటిదయ్యుంటుందమ్మా. పుస్తకంలో ఊరికే రాయరు కదా." పిల్ల తల దించుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున అసెంబ్లీకి ముందే స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది, చేతుల్లో నాలుగు నోటుపుస్తకాలు. మాస్టారు అక్కడే నిలబడి తిరగేశారు. ఆ లిపి ఆయనకి రాదు. అంకెలు వచ్చు. పేజీ పేజీకీ తేదీ, పేజీ పేజీకీ కింద పెద్దవాళ్ళ సంతకం, దాని మీద గుండ్రటి ముద్ర. ఆదివారాలు తప్ప ఒక్క రోజు వదల్లేదు. మూడో పుస్తకంలో ఒకచోట భాగహారంలో సున్నా మరిచిపోయింది. అక్కడి టీచరు ఎర్రసిరాతో చుట్టి, పక్కన అదే లెక్క మూడుసార్లు చేయించింది. నాలుగు పుస్తకాల వెనక అట్టల మీదా ఒకే చిహ్నం, ఒకే పట్టిక అచ్చేసి ఉన్నాయి. ఇదేమిటని అడిగితే పిల్ల వేలు పెట్టి చెప్పింది: ఒకటో తరగతికి రోజుకి అరగంట, రెండుకి ముప్పావు గంట, అలా పెరుగుతూ పోయి ఎనిమిదికి రెండున్నర గంటలు. ఇది ఒక్క బడిది కాదు, దేశమంతటికీ ఇచ్చే పుస్తకాల మీద ఇలాగే ఉంటుంది.

"ఇవి నా దగ్గర ఉంచుకోవచ్చా?" అని అడిగారు మాస్టారు.

"ఉంచుకోండి సార్. మా అమ్మ పారేయమంది, నేనే దాచుకున్నాను."

ఆ రోజు నాలుగు పీరియడ్లు ఎలా చెప్పారో ఆయనకే తెలియదు. సాయంత్రం ఇంటికెళ్ళి ఆమె అలమారా తీశారు. చిత్తుప్రతులు, అట్టకి గీసి వదిలేసిన బొమ్మలు, తెల్లకాగితాల మధ్య ఎండిన పెన్నులు. ఆమె పొరపాటు పడే మనిషి కాదు. ఒక నది పొడవు ఎంతో తెలియకపోతే, తెలియదు రేపు చెప్తాను అని పిల్లలతో అని, రేపు చెప్పేది. మూలమే తప్పయ్యుండాలి, లేదా అచ్చులో ఎక్కడో పోయుండాలి అనుకున్నారు. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరిగారు. ఏం పోయిందని వెతుకుతున్నారు బాబూ అని అత్తగారు అడిగారు. ఒక కాగితం అన్నారు.

బుధవారం ఒంటిపూట సెలవు పెట్టి పాఠ్యపుస్తకాల కార్యాలయానికి వెళ్ళారు. మూడో అంతస్తులో పొడవాటి గది. ఒక పక్క బీరువాలు, ఇంకో పక్క కంప్యూటర్ ముందు పేజీలు పేర్చే డీటీపీ ఆయన. అతను గ్లోబు మేడమ్‌తో ఏడాది పని చేసినవాడు. కిటికీ దగ్గర పర్యవేక్షకురాలు. అందరూ పెద్ద మేడమ్ అంటారు. మాస్టారు నోటుపుస్తకాలు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పారు.

పెద్ద మేడమ్ లేచి బీరువా తీశారు. ఆ కార్యాలయంలో ఒక పద్ధతి ఉంది. పుస్తకంలోకి వెళ్ళే ప్రతి నిజానికీ ఒక ఆధార చీటీ ఉండాలి. ఏ పుస్తకంలో, ఏ పేజీలో చూశారో రాసి, కింద 'స్వయంగా చూశాను' అని సంతకం చేయాలి. ఆవిడ పద్నాలుగో చీటీ వెతికి తీశారు. ఆమె చేతిరాతే. ఆమె సంతకమే. మూలం పేరు కూడా సరిగ్గానే ఉంది: దేశదేశాల బడుల గణాంకాల బృహత్ గ్రంథం, పేజీ రెండు వందల పన్నెండు.

పద్ధతిలో రెండో సగం కూడా ఉంది, అది పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పారు. చీటీ తప్పని తేలితే, దాని మీద సంతకం ఎవరిదో వాళ్ళ పేరు మలిముద్రణలో ఉండదు. ఇది ఎవరి మీదా కోపంతో పెట్టింది కాదు. ముప్పై ఏళ్ళుగా ఉన్నదే. మలిముద్రణ పేజీలు శుక్రవారం ప్రెస్సుకి వెళ్తాయి.

"ఆమె పేరు తీసేస్తారా?" అన్నారు మాస్టారు. ఆయన నిలబడే ఉన్నారు. కుర్చీ వేశారు, కూర్చోలేదు.

పెద్ద మేడమ్ జవాబు చెప్పేలోగా డీటీపీ ఆయన కుర్చీ ఇటు తిప్పాడు. "అచ్చుతప్పని వేసేద్దాం మాస్టారూ. నా నెత్తిన ఇప్పటికే నూట పది ఉన్నాయి, నూట పదకొండోది బరువా? తప్పొప్పుల పట్టికలో ఒక్క లైను. పడవ దేశం అన్నచోట వేరే దేశం అని చదువుకోగలరు. అంతే. మేడమ్ పేరు మీద ఈగ వాలదు."

పెద్ద మేడమ్ అతన్ని వారించలేదు. బయటికి చూస్తూ, అచ్చుతప్పు మామూలే, ఎవరూ అడగరు కూడా అన్నారు. ఆమె అంటే ఆవిడకీ గౌరవమే. మాస్టారికి గుండె మీది బరువెవరో సగం ఎత్తి పట్టుకున్నట్టయింది. ఒక్కరోజు గడువడిగి, ఆ బృహత్ గ్రంథం అరువు తీసుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చారు.

ఏ దేశం అంకె ఏ దేశానికి పడిందో తెలిస్తే, పట్టికలో సరైన పేరు రాసి పని ముగించవచ్చు. అందుకే గ్రంథం తెరిచారు. భోజనాల బల్ల మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది. ఎడమ పేజీలో దేశాల పేర్లు, మార్కులు. కుడి పేజీలో బడి గంటలు, ఇంటిపని, తరగతికి ఎంతమంది, అలా తొమ్మిది నిలువు గళ్ళు. కుడి పేజీలో దేశాల పేర్లుండవు, వరుసల నంబర్లూ ఉండవు. ఒక పక్క ఆమె పుస్తకం పెట్టుకుని సరిచూశారు. పదమూడు దాకా అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. పద్నాలుగు దగ్గర పడవ దేశానికి రెండున్నర గంటలని గ్రంథంలో ఉంది, పుస్తకంలో సున్నా. ఆ సున్నా దాని కింది వరుసది, కొండ దేశానిది. పోనీ అని పదిహేను చూశారు. కొండ దేశానికి పుస్తకంలో ఉన్నది పదహారో వరుస అంకె. పదహారుకి పదిహేడుది. అలా దిగుతూ ఇరవై ఆరు దాకా వెళ్ళారు. చివరి దేశానికి ఆమె పుస్తకంలో 'వివరం దొరకలేదు' అని ఉంది. గ్రంథంలో ఆ వరుస నిండుగా, తొమ్మిది గళ్ళూ అంకెలతో ఉంది.

మాస్టారు లేచి వరండాలోకి వెళ్ళి, మళ్ళీ వచ్చారు.

ఇది అచ్చుతప్పు కాదు. ఒక వరుస ఎక్కడో జారిపోయి, దాని కిందివన్నీ ఒక మెట్టు పైకి ఎక్కాయి. లెక్కల మాస్టారు కాబట్టి అది తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎలా జారిపోయిందన్నదే తట్టలేదు. అలవాటు కొద్దీ స్కేలు తెచ్చి పేజీ మీద పెట్టుకున్నారు. అప్పుడు తట్టింది.

పట్టిక చదివేటప్పుడు స్కేలు ఎక్కడ పెట్టాలన్నది వాళ్ళ కాపురంలో తెగని తగువు. చదివిన వరుసల్ని స్కేలుతో మూసేసి, స్కేలు కింద కనపడేది చదవాలని ఆయన. మార్కుల రిజిస్టరు ఆయనెప్పుడూ అలాగే చదివేవారు. చదివే వరుస కింద స్కేలు ఆనించి, పైన కనపడేది చదవాలని ఆమె. ఎవరి రిజిస్టరు వాళ్ళు చదువుకున్నంత కాలం ఏ నష్టమూ లేదు. ఈ గ్రంథం మాత్రం ఇద్దరూ కలిసి చూశారు, రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, ఇదే బల్ల దగ్గర. ఆమె చదువుతోంది, ఆయన రాసుకుంటున్నారు. పదమూడు వరుసలయ్యాయి. పక్కగదిలో ఫోను మోగింది. ఆమె స్కేలు పదమూడు కింద అలాగే వదిలి వెళ్ళింది. స్కేలు వెడల్పు సరిగ్గా ఒక వరుస. పద్నాలుగో వరుస దాని మాటున పూర్తిగా మూసుకుపోయింది.

ఆమె నాలుగైదు నిమిషాల్లో వచ్చింది. తన కుర్చీలో కూర్చోలేదు. మీరు చదవండి, నేను రాసుకుంటాను అంది. ఆయన జరిగి కూర్చుని, స్కేలు కింద కనపడ్డ వరుస నుంచి మొదలుపెట్టారు. గొంతు పెంచి, తరగతిలో చదివినట్టు చదివారు. ఆమె రాసుకుంది. చివర ఒక దేశం మిగిలిపోతే, వివరం దొరకలేదని రాసుకోనా అని అడిగింది. రాసుకో, ఇంతే ఉంది ఇక్కడ అన్నారు. అప్పుడు ఆమె పెన్ను మూత పెట్టి, ఫోను ఆస్పత్రి నుంచి అని చెప్పింది. మళ్ళీ పరీక్ష చేయాలంటున్నారు, ఈసారి మీరూ రండి అంది.

పదమూడు వరుసలు ఆమె ఆ మాట లోపల పెట్టుకుని రాసింది. పని మధ్యలో చెప్తే ఆయన చదవలేరని.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి, బల్ల దగ్గర నిలబడ్డ అల్లుడిని చూసి, కాగితం దొరికిందా అని అడిగారు. దొరికింది అన్నారు ఆయన.

గురువారం మళ్ళీ మూడో అంతస్తుకి వెళ్ళారు. డీటీపీ ఆయన తప్పొప్పుల పట్టిక అప్పటికే సిద్ధం చేసి ఉంచాడు, ఒక్క పేరు నింపడమే తరువాయి. మాస్టారు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పారు: ఫోను వచ్చిందన్నారు గానీ, అది ఎక్కడి నుంచో చెప్పలేదు. అంతా విన్నాక పెద్ద మేడమ్ పద్నాలుగో చీటీ చేతిలోకి తీసుకుని, 'స్వయంగా చూశాను' అన్న మాట మీద వేలుంచారు.

"చదివింది మీరు. చూశానని సంతకం పెట్టింది ఆవిడ. మీరు ఇది చెప్తే చీటీ ఒక్కటే కాదు, మాట కూడా తప్పవుతుంది. తెలుసా మీకు?"

"తెలుసండి."

"మీ పేరు తీసేద్దామంటే పుస్తకంలో లేదు. ఆవిడది ఒక్కటే ఉంది."

"అది కూడా తెలుసండి."

డీటీపీ ఆయన ఉండబట్టలేక, అందుకే కదా మాస్టారూ నా నెత్తిన వేయమన్నది అన్నాడు. మాస్టారు అతని వైపు తిరిగారు. ఆ రెండు రోజుల్లో ఆయన ఎవరితోనైనా ఎక్కువ మాటలాడింది అప్పుడే. అచ్చుతప్పని వేస్తే పద్నాలుగు ఒక్కటే దిద్దుతామనీ, దాని కింద పన్నెండు దేశాల బడి గంటలూ పిల్లల సంఖ్యా అన్నీ ఒక మెట్టు తప్పి ఉన్నాయనీ, పన్నెండు అచ్చుతప్పులు వరసగా పడవనీ అన్నారు. ఎక్కడ జారిందో చెప్పకపోతే మిగతావి ఎవరూ వెతకరు. మీటింగుల్లో లేచి చెప్పేవాళ్ళకి ఇక ఇది ఎవరో అన్న మాట కూడా కాదు, అచ్చులో ఉన్న మాట. ఆమె అపోహలు తీయడానికి కూర్చుంది, మేమిద్దరం కలిసి పదమూడు కొత్తవి తయారు చేశాం అన్నారు.

పెద్ద మేడమ్ చీటీ మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన తేదీ వేశారు. మలిముద్రణ ఆపుతానన్నారు. కుడి పేజీ పద్నాలుగో వరుస నుంచీ మళ్ళీ చూడాలి. ఈసారి చదివేవారూ రాసేవారూ ఇద్దరూ సంతకం చేయాలి. ఇద్దర్నీ వెతుక్కునే బాధ్యత మాస్టారిదే, కార్యాలయంలో మనుషుల్లేరు. మాస్టారు సరేనన్నారు. వెళ్ళబోతూ డీటీపీ ఆయన వెనకాల ఆగారు. తెర మీద మొదటి పేజీ ఉంది: రచన ఆమెది, దాని కింద బొమ్మలు ఆమెవి, దాని కింద పేజీల కూర్పు అతనిది.

బొమ్మలకి చీటీ ఉండదు మేడమ్, అది ఉంచనా అని అతను అడిగాడు. పద్ధతి ప్రకారం పేరు ఎక్కడా ఉండకూడదు అన్నారు ఆవిడ, తల ఎత్తకుండానే. అతను ఆ రెండు లైన్లూ తీసేశాడు. అతని పేరు పైకి జరిగింది. అతను దాన్ని కిందికి లాగి, పైన ఖాళీ వదిలాడు.

శుక్రవారం ఏడో తరగతిలో మాస్టారు పాఠం మొదలుపెట్టకముందే నోటుపుస్తకాలు ముందు బెంచీ మీద పెట్టారు. వరుసగా అందరూ చూడండి అన్నారు. పుస్తకాలు చేతులు మారుతూ వెనక బెంచీ దాకా వెళ్ళాయి. ఆదివారాలు తప్ప ఒక్క రోజు ఖాళీ లేదని వాళ్ళే కనిపెట్టారు. కొత్త పిల్ల కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

పడవ దేశంలో ఇంటిపని ఉందనీ, పిల్ల చెప్పింది నిజమనీ, ఆ రోజు తాను నమ్మకపోవడం తప్పనీ మాస్టారు చెప్పారు. ముందు బెంచీ అమ్మాయి, అయితే మేడమ్ తప్పు రాశారా సార్ అని అడిగింది. అడిగి భయపడింది.

"మేడమ్ సరిగ్గానే రాశారు," అన్నారు మాస్టారు. "నేను తప్పు చదివాను."

ఇంకా ఏదైనా చెప్తారేమోనని పిల్లలు చూశారు. ఆయన కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. ఆఖరికి వెనక బెంచీ నుంచే ఒక గొంతు లేచింది, ఈసారి కాస్త జంకుతూ. మరి ఇంటిపని లేని దేశం అసలుందా సార్ అని. ఉంది, కొండ దేశం అన్నారు. లెక్కల్లో వాళ్ళెన్నో స్థానం సార్? పదిహేడు. కాసేపు గుసగుసలయ్యాక అదే గొంతు, పదిహేడైనా ఫర్వాలేదు సార్, మేము కొండెక్కుతాం అంది. తరగతి నవ్వింది. కొత్త పిల్ల కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని. మాస్టారు బోర్డు మీద పది లెక్కలు రాశారు. ఇంటర్వెల్లో ఎవరో ఆ పిల్లని కోతల పడవ అనే పిలిచారు. పిలిచినవాళ్ళు దాన్ని మామూలు ముద్దుపేరులా పిలిచారు, పిల్ల కూడా పలికింది. పెట్టిన పేరు పోవడం అంత తేలిక కాదు.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద గ్రంథం, తెల్లకాగితాలు, స్కేలు పెట్టుకుని మాస్టారు అత్తగారిని పిలిచారు. ఆవిడ చదివింది ఐదో తరగతి దాకానే అయినా అంకెలు తడుముకోరు. మీరు చదవండి, నేను రాసుకుంటాను అన్నారు. ఎందుకన్నారావిడ. పేరు సంగతి ఆయన అప్పుడు చెప్పారు. అంతకుముందు మూడు రోజులు చెప్పలేకపోయారు.

ఆవిడ కుర్చీ వెనక నిలబడి, అంతా విన్నారు. కూతురి పుస్తకం పాత ప్రతి ఆవిడ పడకగదిలో దిండు పక్కన ఉంటుంది; వచ్చినవాళ్ళకి మొదటి పేజీ తీసి చూపిస్తారు.

"ఒక్క మాట మింగేస్తే సరిపోయేది కదా బాబూ," అన్నారు చివరికి. "ఈ ఇంట్లో ఎన్ని మింగలేదు మనం."

"పదమూడు దేశాలు తప్పు పడ్డాయి అత్తయ్యా."

"నాకు దేశాలు తెలియవు. దాని పేరు తెలుసు. అది పెట్టింది నేను."

ఆవిడ ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టి, పెట్టె మూసి, బల్ల మీద నుంచి తీసుకుని వెళ్ళిపోయారు. వంటింట్లో కుళాయి విప్పిన చప్పుడు వినపడింది, చాలాసేపు కట్టలేదు. మాస్టారు పిలవలేదు. ఆయనకి కోపం రాలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఆయనకేమీ దొరకలేదు.

చేతిలో ఉన్న పని చేద్దామని కూర్చున్నారు. ఎవరూ చదవకుండా తానే చదువుతూ తానే రాసుకోవడం పెద్ద మేడమ్ పెట్టిన కొత్త పద్ధతికి ఒప్పదు. పైగా ఒక్కడే చేస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. కన్ను తనకి కావలసిన చోటే ఆగుతుంది. నోటుపుస్తకాల ఆధారం ఉంది కాబట్టి పద్నాలుగు ఒక్కటీ దిద్దారు. ఇంటిపని గడిలో సున్నా కొట్టేసి రెండున్నర గంటలని వేసి, పక్కన పొట్టిగా సంతకం పెట్టారు. రెండో సంతకం చోటు ఖాళీగా ఉంచారు. తర్వాత లేచి వరండాలోకి వెళ్ళారు.

సోమవారం స్టాఫ్ రూమ్‌లో ఇద్దరిని అడిగారు. ఒకరికి పరీక్ష పేపర్లున్నాయి, ఇంకొకరు వచ్చే నెల చూద్దాం మాస్టారూ అన్నారు. పాత ప్రతులు బడుల్లో అలాగే ఉన్నాయి. పదిహేను నుంచి ఇరవై ఆరు దాకా పన్నెండు వరుసలు ఇంకా దిద్దలేదు.